కాటిసీనులో జాషువ

తొలికోడి కూయుటకు కొంచెము ముందు, పందిరి గుంజకు వ్రేలాడు పెట్రోమాక్సు దీపము గాలి తగ్గి ఎర్రబారుచుండగా, చాపలమీద పిల్లలు నిద్రపోయి తల్లులు మాత్రము మేలుకొనియుండగా, వెనుక వరుసలలోని వృద్ధులు చుట్టలార్పి ముందునకు జరుగుచుండగా, భుజమున నల్లగొంగడియు చేత దుడ్డుకర్రయు ధరించి హరిశ్చంద్ర పాత్రధారి ఒంటరిగా రంగస్థలము మీదికి వచ్చి నిలిచెడివాడు. హార్మోనియము శ్రుతి పట్టి ఊరకుండెడిది. ఇంద్రసభలో వసిష్ఠ విశ్వామిత్రుల పంతము, రాజ్యదానము, నక్షత్రకుని వేధింపు, వారణాసి వీధిలో ఆలుబిడ్డల విక్రయము, ఇవన్నియు జనమునకు కంఠస్థములే. వారు రాత్రియెల్ల కాచుకొని కూర్చున్నది ఈ ఘట్టము కొరకు. దీనికి తెలుగువారు కాటిసీను అని పేరు పెట్టుకొనిరి. అచ్చతెనుగు కాటికి ఇంగ్లీషు సీనును ముడివేసిన యీ సమాసమును ఏ వ్యాకర్తయు అంగీకరింపడు గాని, వ్యాకర్తలు అంగీకరించిన అనేక సమాసములకంటె ఇదియే ఎక్కువకాలము బ్రదికినది.

అట్లు నిలిచిన హరిశ్చంద్రుడు పద్యమెత్తుకొనును. ఆ పద్యము ఆ నాటకములోనిది కాదు. నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంత కవిది. పద్యము గుర్రం జాషువ రచించిన ‘శ్మశానవాటి’ అను ఖండకావ్యములోనిది. ఒక కవి నాటకములో మరియొక కవి పద్యములు వచ్చి చేరి, కాలక్రమమున స్వంత యింటివలె స్థిరపడి, తుదకు అవి లేనిదే ఆ ఘట్టమును ప్రేక్షకులు ఒప్పుకొననంతగా నాటుకొనుట మన రంగస్థల చరిత్రలో అరుదైన విషయము. ఇది కేవలము నటుల సౌకర్యము కొరకు జరిగిన పని యని కొందరందురు. నాకట్లు తోచదు. ఆ కావ్యములోని ప్రకృతియు, ధర్మమును, మృత్యువును హరిశ్చంద్రుని నోటికి వచ్చునప్పటికి వేరొక అర్థమును సంతరించుకొన్నవి. ఆ రెండర్థములును ఒకదానినొకటి ప్రశ్నించుచున్నవి. ఆ ప్రశ్న ఎట్టిదో చూడవలెనన్న కథ మొదటికి పోవలెను.

హరిశ్చంద్రుని పేరు ఐతరేయ బ్రాహ్మణమంత ప్రాచీనమైనది. అయితే అందులోని హరిశ్చంద్రుడు కాటికాపరి కాడు. పుత్రుని బలియిచ్చెదనని వరుణునకు మాటయిచ్చి వాయిదాలు వేసిన తండ్రి. సత్యము కొరకు సర్వస్వమును అమ్ముకొన్న హరిశ్చంద్రుడు మార్కండేయ పురాణమున కనిపించును. ఆ పురాణములో రెండు విషయములు మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినవి. మొదటిది, రాజును కొన్న చండాలుడు నిజముగా చండాలుడు కాడు; ధర్మదేవతయే ఆ రూపము ధరించి వచ్చెను. రెండవది, ఆ యజమాని తన సేవకునకు చెప్పిన లెక్క. శవముల వలన వచ్చు రాబడిలో ఆరవ వంతు దేశమేలు రాజునకు, మూడు వంతులు తనకు, మిగిలిన రెండు వంతులు కాపరికి కూలి. మరణము మీద కూడ రాజు తన షడ్భాగమును వదలుకొనలేదన్న మాట! ఒకనాడు ప్రజలనుండి ఆ షడ్భాగమును తానే గైకొన్న మహారాజు, నేడు దానిని వసూలుచేసి మరొక రాజునకు అప్పగించు ఉద్యోగిగా మారినాడు. ఎవరి పురాణబుద్ధిలో పుట్టినదో గాని, ఇంత నిర్దయమైన వ్యంగ్యము మన కావ్యములలో తరచుగా దొరకదు.

ఈ కథను సంస్కృతమున క్షేమీశ్వరుడు ‘చండకౌశికము’ అను నాటకముగా మలచెను. కన్నడమున రాఘవాంకుడు హరిశ్చంద్ర కావ్యము చెప్పెను. తెలుగున తిక్కన శిష్యుడైన మారన పదునాలుగవ శతాబ్దమున మార్కండేయ పురాణమును ఆంధ్రీకరించి, ప్రతాపరుద్రుని సేనానియగు గన్నయకు అంకితమిచ్చెను. పదునైదవ శతాబ్దమున గౌరన ఈ కథను ద్విపదలో విస్తరించి చెప్పినాడు. ద్విపద యనగా పాడుకొనునది, ఆడువారు దంపుళ్లవద్ద, పురుషులు రచ్చబండవద్ద వినదగినది. రామరాజభూషణుడు ఒకే పద్యమున నలుని కథయు హరిశ్చంద్రుని కథయు పలికించిన పాండిత్యము వేరు తరగతిది; దానిని మెచ్చుకొందుము గాని, దానికి ఏడ్చినవాడు లేడు. తెలుగు పల్లెను ఏడిపించినది గౌరన మార్గమే. అప్పు తీర్చువరకు వెంటబడి వేధించు వానిని మనము నేటికిని నక్షత్రకుడనియే అందుము గదా! కావ్యము నుడికారమైనదనుటకు ఇంతకుమించిన సాక్ష్యమక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున ధార్వాడనుండి వచ్చిన నాటక సమాజములు తెలుగు పట్టణములలో ప్రదర్శనములిచ్చినవి. కందుకూరి వీరేశలింగము, ధర్మవరము కృష్ణమాచార్యులు మొదలైనవారు ఆ వేడిలో తెలుగు నాటకములు వ్రాసిరి, ఆడించిరి. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున కుటుంబ నాటక సమాజము పుట్టినది. హరిశ్చంద్ర కథను పలువురు నాటకముగా వ్రాసినను నిలిచినది గుంటూరు మండలపు ఇటికంపాడులో 1881లో జన్మించిన బలిజేపల్లి లక్ష్మీకాంత కవి రచన. 1912 ప్రాంతమున వెలువడిన ‘సత్య హరిశ్చంద్రీయము’ అచిరకాలములోనే తెలుగునాట మారుమూలలకు పాకినది. అద్దంకి శ్రీరామమూర్తి, బందరు డి.వి. సుబ్బారావు వంటి నటులు హరిశ్చంద్రులుగా ప్రసిద్ధి కెక్కిరి. 1935లో తెరమీద హరిశ్చంద్రుడు కనిపించినపుడు ఆ పాత్రయు అద్దంకి వారిదే, చంద్రమతి కన్నాంబ. గ్రామఫోను రికార్డులు వచ్చిన తరువాత, నాటకము చూడనివాడు కూడ హరిశ్చంద్ర పద్యములు పాడుచు ఎడ్లబండి తోలినాడు.

ఆ నాటకము పుట్టిన కాలమున జాషువ పదునేడేండ్ల వాడు. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టినాడు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ, ఇల్లు క్రైస్తవము. ఆ మూడింటిలో ఏ యొక్కటియు ఆ కాలపు పండిత సభలలో అతనికి పీట వేయించునది కాదు. బ్రతుకుదెరువునకు బడిపంతులుగా పనిచేసెను. మూకీల రోజులలో రాజమండ్రిలోని సినిమాశాలలో తెరప్రక్క నిలిచి బొమ్మల కథను ప్రేక్షకులకు చదివి వినిపించు వాచకుడుగా కూడ పనిచేసెను. ఈ చిన్న ఉద్యోగమును జీవితచరిత్రకారులు ఒక వాక్యముతో దాటిపోవుదురు. నేను దాటలేను. చీకటిలో కూర్చున్న సామాన్యజనమునకు, మాటలేని బొమ్మల వెనుకనుండి మాటను అందించుట ఎట్టి శిక్షణయో ఆలోచింపుడు. అతని పద్యము కంటికి ముందుగా ఒక దృశ్యమును నిలిపి, ఆ పిమ్మట చెవికి తాకును. ఒకసారి విన్నవాడు కూడ అర్థము కొరకు నిఘంటువు తెరువనక్కరలేదు. నటులు ఏరికోరి అతని పద్యములను తెచ్చుకొనుటకు ఈ గుణమే మొదటి కారణమని నా నమ్మకము.

ఇక కావ్యములోనికి పోవుదము. మన ప్రాచీనులు శ్మశానమును వర్ణింపలేదని కాదు. భవభూతి ‘మాలతీమాధవము’న ఒక అంకమంతయు శ్మశానమునందే నడపినాడు. మార్కండేయ పురాణ కర్తయు, క్షేమీశ్వరుడును నక్కలను, గ్రద్దలను, సగము కాలిన కళేబరములను, పుర్రెలతో బంతులాడు పిశాచములను వర్ణించిరి. అది బీభత్సరసము, చూచువాడు ముక్కు మూసికొని ప్రక్కకు తొలగవలెనని కవి యభిమతము. జాషువ ఆ సామగ్రినంతయు దాదాపు బయట పారవేసెను. మిగిల్చినవి కొన్నియే: కారుమబ్బు క్రమ్మిన ఆకాశము, దయ్యములతో ఆటలాడు గుడ్లగూబలు, కదలని ఆకు. ఈ మూడును ఒక శార్దూల పద్యమున కూర్చబడినవి. మొదటి రెంటిని విన్నపుడు మనము భయమునకు సిద్ధపడుదుము. మూడవది వచ్చి ఆ భయమును హరించును. ఇంత చీకటిలో, ఇంత అలజడిలో, ఇక్కడ ఒక్క ఆకైనను అల్లాడుట లేదే, ఇక్కడ ఎంతటి సుఖము విహరించుచున్నదో గదా అని కవి ఆశ్చర్యపడును. శ్మశానమున సుఖమును చూచుట వేదాంతులకు క్రొత్త కాదు. కాని వేదాంతి దానిని ఉపదేశముగా చెప్పును. ఈ కవి ఒక ఆకును చూపి ఊరకుండును.

ఇక్కడ ప్రకృతి మనుష్యుని దుఃఖములో పాలుపంచుకొనదు. మన కావ్యములలో నాయిక ఏడ్చిన లేళ్లు గడ్డి మానును, నెమళ్లు ఆట మానును, లతలు పండుటాకులను రాల్చును. శకుంతల అత్తవారింటికి పోవునాటి తపోవనము అట్టిది. జాషువ శ్మశానమున ప్రకృతి దూరముగా నిలిచి తన పని తాను చేసికొనుచున్నది: మబ్బు పట్టుట మబ్బుపని, గూబ తిరుగుట గూబపని. ఇంగ్లీషు చదివిన ఆనాటి విద్యార్థులకు గ్రే కవి 1751లో ప్రకటించిన శ్మశానగీతము పాఠ్యముగా నుండెడిది. ఆ గీతములోను గుడ్లగూబ యున్నది. తన ఏకాంతమునకు భంగము కలిగినదని అది చంద్రునితో మొరపెట్టుకొనును. జాషువ గూబకు మొర లేదు, చంద్రుడును లేడు. అది ఆడుకొనుచున్నది. ఈ భేదము చిన్నదిగా కనిపించినను, శ్మశానము ఎవరి స్వస్థలము అను ప్రశ్నకు ఇద్దరు కవుల సమాధానములును ఇందులోనే యున్నవి.

కావ్యారంభమున కవి అడుగునది పసిపిల్లవాని ప్రశ్న వంటిది. ఏండ్లెన్నియో గడచిపోయినవి, ఇక్కడ పడుకొన్న వారిలో ఒక్కడును లేవడేమి, ఎంతకాలమీ కదలని నిద్ర అని. ఇంతలో కడుపుకోతతో తల్లులు విలపింతురు. ఆ యేడ్పునకు శ్మశానపు రాళ్లు కూడ కరగినవని కవి యనును. రాయి కరగినది గాని, నిదురించువాడు కదలలేదు! మన అంత్యక్రియలలో దింపుడుకళ్లమని ఒక ఆచారమున్నది. పాడెను సగము దారిలో దించి, చచ్చిన వాని చెవిలో పేరు పెట్టి మూడుమారులు పిలుతురు; ప్రాణమేమైన మిగిలియుండునేమోయను ఆశ. ఆ ఆశయే నుడికారమై, జరుగదని తెలిసియు విడువలేని ఆశకు పేరైనది. జాషువ మొదటి పద్యమంతయు దింపుడుకళ్లము దాటిన తరువాత కూడ వినబడుచున్న ఆ పిలుపే.

తరువాతి చంపకమాలలో ఒక దీపమున్నది. క్రొత్త సమాధిమీద, దట్టమైన చీకటిలో, ఎవరో పెట్టిపోయిన ఆముదపు దీపము. ఆముదమయిపోయినను ఆరుటలేదు. అది దీపము కాదు, బిడ్డను పోగొట్టుకొన్న అభాగ్యురాలొకతె తన హృదయమునే అక్కడ నిలిపి పోయినదని కవి భావించును. ఇక్కడ పాఠకుడొక విషయమును గమనింపవలెను. సమాధి అన్నాడు కవి. సీసపద్యమునకు వచ్చునప్పటికి అగ్నియు బూడిదయు వచ్చును. ఒకే కావ్యములో పూడ్చుటయు కాల్చుటయు రెండును కలసియున్నవి. మన ఊళ్లలో ఏ కులమునకు ఏది యను నియమము కలదు. ఏ మతమునకు ఏది యను నియమమును కలదు. వీరయ్య లింగమ్మల కొడుకైన క్రైస్తవ కవి ఆ నియమములను చూడనట్లే నటించి, చితిని సమాధిని ఒక్క నేలమీద ఉంచినాడు. ముందు మత్తేభములో బాహాటముగా చెప్పబోవు మాటకు ఇది నిశ్శబ్దమైన పీఠిక.

సీసము విషయము వేరు. అది లోకవిదితము. మంచి కవి కలము ఇక్కడనే నిప్పులలో కరగినదనియు, భూములేలిన వారి రాజముద్రికలు ఇక్కడనే మాసిపోయినవనియు, లేత యిల్లాలి నల్లపూసల సొగసు ఇక్కడనే నీటిపాలైనదనియు, చిత్రకారుని కుంచె ఇక్కడనే నశించినదనియు వరుస పెట్టి చెప్పుచు పోవును. అందరును మెచ్చు ఈ సీసమున నన్ను ఆకర్షించునది ఆ వరుసలో మొదట కలము నిలుచుట. రాజు రెండవవాడు! ఎత్తుగీతిలో శివుడు పిశాచములతో ఆడు రంగస్థలముగా, మృత్యుదూత లోకమునేలుటకు కూర్చుండు బూడిద గద్దెగా శ్మశానము రూపు కట్టును. రంగస్థలమను పోలికను కవి యే నాటకమును తలచుకొని వ్రాసెనో ఎవరెరుగుదురు? కాని నాటకపు బల్లలమీద నిలిచి, సింహాసనము పోగొట్టుకొన్న రాజు వేషములో నటుడు ఆ మాటలు పలికినపుడు, కవి కనని అర్థము కూడ వానికి పట్టినది.

ఇక మత్తేభము. ఇది యీ కావ్యమునకు ప్రాణము. ఇక్కడ అస్పృశ్యత సంచరించుటకు చోటు లేదని కవి స్పష్టముగా పలికినాడు. పెద్దపులిని, మేకను ఒకే ప్రక్కమీద పడుకోబెట్టి జోకొట్టు తల్లిగా ఈ నేలను భావించి, అట్టి అభేదము గల ఈ చోట ధర్మము గారాలు పోవుచున్నదని ముగించినాడు. పులియు మేకయు అడవిలోని ప్రకృతి నియమమునకు బద్ధులు. ఒకటి తినును, ఒకటి తినబడును. ఆ నియమము ఇక్కడ ముగియును. అంతకుముందు పద్యములలో దూరముగా నిలిచిన ప్రకృతి ఇక్కడ తల్లియైనది. మృత్యువు శిక్ష కాదు, జోలపాట. ధర్మము శాసనము కాదు, తల్లి ఒడిలో ముద్దుచేయబడు పసిబిడ్డ. మన వాఙ్మయమున ధర్మమునకు నాలుగు పాదములిచ్చి ఎద్దును చేసిరి, దండమిచ్చి యముని చేసిరి. గారాబము చేసినవారు నాకు మరి కనబడలేదు.

ఈ ధర్మము వేరు, హరిశ్చంద్రుని ధర్మము వేరు. చిక్కంతయు ఇక్కడనే. కవి ధర్మము చచ్చినవారికి లభించునది, అడుగకయే దొరకునది, అందరికి సమానము. హరిశ్చంద్రుని ధర్మము బ్రతికియున్న ఒక్కనిమీద బడిన బరువు. పాము కాటునకు చనిపోయిన కొడుకు లోహితుని చేతులమీద మోసికొని చంద్రమతి అర్ధరాత్రి వచ్చును. కాటిసుంకము చెల్లింపనిదే కట్టె పేర్చనీయనని కాపరి యడ్డగించును. భర్తకు తప్ప ఇతరులకు కనబడని ఆమె మంగళసూత్రము వానికి కనబడును; ఇరువురును ఒకరినొకరు గుర్తింతురు. ప్రేక్షకుడు ఇప్పుడైనను సుంకము మానునేమోయని ఎదురుచూచును. మానడు. సొమ్ము తనది కాదు, యజమానిది. సీసములో ఒక్క పాదమున సామాన్యముగా తడిమిన నల్లపూసల సొగసు ఇక్కడ తన భార్య మెడలోని మంగళసూత్రమగును. తల్లి నిలిపిపోయిన హృదయదీపము ఇక్కడ చంద్రమతిదగును. కవి సర్వసామాన్యముగా చెప్పినదానిని నాటకము పేరు పెట్టి, ఊరు పెట్టి ఒక్క కుటుంబమున కప్పగించినది. శ్మశానమున విశ్రాంతి యున్నదని పాడుచున్నవాడు ఆ శ్మశానమున విశ్రాంతి లేని ఏకైక వ్యక్తి! జాషువ పద్యములు విడిగా చదువుకొన్నపుడు శాంతము పొంగును. కాటిసీనులో విన్నపుడు కరుణము పొంగును. పద్యము మారలేదు, నిలుచున్నవాడు మారినాడు.

మత్తేభము హరిశ్చంద్రుని నోట వచ్చునపుడు ఇంకొక లోతు తెలియును. మన తెలుగు కథలో విశ్వామిత్రుడు పంపగా మాతంగకన్యలు రాజు కొలువునకు వచ్చి ఆడి పాడి మెప్పించి, తమ్ము పెండ్లాడుమని కోరుదురు. రాజు వారి కులమును తలచి నిరాకరించును. ముని దానినే నిమిత్తముగా పట్టుకొని రాజ్యము లాగుకొనును. అనగా, ఈ కథలో హరిశ్చంద్రుని పతనమునకు తొలిమెట్టు అంటరానితనమే. అట్టివాడు తన్ను కొన్న చండాలుడగు వీరబాహునికి దాసుడై, ఆ వీరబాహుని శ్మశానమున నిలిచి, ఇక్కడ అస్పృశ్యతకు చోటు లేదని పాడుచున్నాడు! దీనిని ఏ నాటకకర్తయు ముందుగా సంకల్పింపలేదు. బలిజేపల్లి వారికి జాషువ పద్యము తెలిసి నాటకము వ్రాయలేదు. జాషువ హరిశ్చంద్రుని కొరకు పద్యము వ్రాయలేదు. ఎవరో నటుడు, రాత్రి జనము మెప్పుకొరకు, రెండింటిని కలిపినాడు. అతనికైనను ఈ సంగతి తెలిసి చేసెనా యని నాకు అనుమానము. పురాణములో ధర్మదేవత చండాల వేషము ధరించి, కథ ముగియగనే ఆ వేషమును తీసివేసి దేవతయై నిలుచును. అనగా ఆ నీచత్వము వేషము మాత్రమే, లోపల నున్నది దైవము, కనుక రాజు నిజముగా మైలపడలేదు అని పురాణము ఊరట చెప్పును. జాషువకు ఆ ఊరట అక్కరలేదు. ధర్మము ఏ వేషమును ధరింపకయే కాటిలో కాపురమున్నదని అతని మాట. ఈ రెండు ధర్మములలో నాకు జాషువ ధర్మము గొప్పదిగా తోచుచున్నది, పురాణము క్షమించుగాక.

కవి మాట నిజమా అని అడుగువారుందురు. నిజము కాదు. మన గ్రామములలో శ్మశానములు కూడ కులముల వారీగా విడిపోయియున్నవని ఎరుగనివారు లేరు. ఊరివారి వల్లకాడు ఒకటి, పల్లెవారిది మరియొకటి. చావుకబురు పొరుగూళ్లకు మోయువాడు, కట్టెలు పేర్చువాడు, గొయ్యి త్రవ్వువాడు వెట్టిపని చేసిన కులములవాడు. పాడె ముందు మ్రోగు డప్పు జాషువ తల్లి పుట్టిన కులమువారి చేతిది. ఆ డప్పు చప్పుడు వీధులగుండ పోవును. డప్పు కొట్టువాడు పండుగనాడు ఆ వీధులలోనికి రాగూడదనెడివారు. ఇవన్నియు కవికి మనకంటె బాగుగ తెలియును. తెలిసి కూడ శ్మశానమున అస్పృశ్యత లేదని ఎందుకన్నాడు? అది వర్ణనము కాదు గనుక. ఊరిలో దొరకనిదానిని ఎక్కడనైన చూపింపవలెను గనుక, మనుష్యులు తరతమములను మోసికొనిపోలేని ఒకే ఒక తావును ఎన్నుకొన్నాడు. మట్టిపైన గోడలు కట్టినవారున్నారు. మట్టి క్రింద కట్టలేదు. ‘గబ్బిలము’లో తన మొరను కాశీ విశ్వేశ్వరునకు చేర్చుటకు గుడిలోనికి పోగలిగిన ప్రాణిని వెదకిన కవి, ఇక్కడ ఏ దూతతోను పని లేని గుడిని కనుగొన్నాడు.

కాటికాపరి వృత్తిని గూర్చి మన కావ్యములు చెప్పినంత మరే వృత్తిని గూర్చియు చెప్పలేదు. అయినను ఆ కావ్యములలో నిజమైన కాటికాపరి ఎక్కడను లేడు. మార్కండేయ పురాణమున కాపరి రాజు, యజమాని దేవత. నాటకమున కాపరి నటుడు. బ్రతుకంతయు చితుల నడుమ గడిపి, గంజికొరకు సుంకమడిగి, తిట్లు తిని, సాయంకాలము స్నానము చేసి పిల్లలవద్దకు పోవు మనిషి పద్యములలోనికి రాలేదు. అతడు సుంకమడిగిన పీడించినవాడు, హరిశ్చంద్రుడడిగిన ధర్మనిష్ఠుడు. ఈ మాట చెప్పుట హరిశ్చంద్రుని తగ్గించుటకు కాదు. రాజ్కోటలో బాల్యమున హరిశ్చంద్ర నాటకము చూచి, అందరును ఇట్లు సత్యవంతులు కాగూడదాయని గాంధీ మహాత్ముడు పలుమారులు ఏడ్చెను. ఆ కన్నీరు దేశమునకు చేసిన మేలు చిన్నది కాదు. కాని ఆ కన్నీటిలో రాజును చూచినవారే ఎక్కువమంది. కాపరిని చూచినవారు తక్కువ. జాషువ పద్యము వచ్చి చేరిన తరువాత, ఆ మత్తేభము పాడినంతసేపైనను, చూపు కాపరివైపు మళ్లినది.

కాలక్రమమున కాటిసీను నాటకమునుండి వేరుపడి స్వతంత్రముగా బ్రతుక నేర్చినది. కాంట్రాక్టు నాటకముల రోజులలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు దిగెడివారు. వారణాసి ఘట్టమునకు ఒకడు, కాటికి ఒకడు. కాటి హరిశ్చంద్రునకు కంఠము గట్టిగానుండవలెను, రాత్రి జాగరణము చేసిన గొంతైనను పైస్థాయిలో నిలువవలెను. ‘వన్సుమోరు’ అని కేకవేసిన, కొడుకు శవము ఎదుట నుండగనే అదే పద్యము మరల పాడవలెను. రసజ్ఞులు దీనిని దోషమందురు, దోషమే. అయినను పుత్రశోకములో నున్న తండ్రిని ఇంకొకసారి ఏడువుమని అడిగిన ఆ జనము క్రూరులు కారు. వారిలో ప్రతి ఇంటినుండియు ఒకరు ఆ కాటికి పోయినవారే. తమ యేడ్పును తాము పాడలేరు గనుక పాడగలవానిని మరల పాడుమన్నారు. నాటకము పూర్తిగా ఆడు శక్తిలేని చిన్న సమాజములు కూడ తిరునాళ్లలో, పోటీలలో కాటిసీను ఒక్కటే ఆడుట వాడుకయైనది. గంటసేపటి ఆ ప్రదర్శనములో సగము బలిజేపల్లిది, సగము జాషువది.

బలిజేపల్లి వారు 1953లో కాలధర్మము నొందిరి. జాషువ 1971 జులై 24న గుంటూరులో కన్నుమూసెను, అంతకు ముందే ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ బహుమతియు, పద్మభూషణమును లభించినవి, కవిగా అతనికి రావలసిన గౌరవము కొంత ఆలస్యముగానైనను వచ్చినది. పాడుకొను కవిగా రావలసినది మాత్రము ఇంకను బాకీయున్నది. పల్లెలో కాటిసీను విన్నవారిని ఆ పద్యములెవరివని అడుగుడు. పదిమందిలో తొమ్మండుగురు హరిశ్చంద్రునివందురు, పదవవాడు బలిజేపల్లి వారివనును. కవికి ఇది యొక విధమైన విజయమే యని సమాధానపడుట సులభము. నేను సమాధానపడను. కవి కలము నిప్పులో కరగిపోవునని చెప్పినవాని పేరు కూడ అట్లే కరగిపోవుట వ్యంగ్యముగా బాగుండునేమో గాని న్యాయముగా బాగుండదు. నాటక సమాజముల పెద్దలకు నా విన్నపమొక్కటే. వచ్చే తిరునాళ్లకు కరపత్రము అచ్చువేయించునపుడు, కాటిసీను అన్న మాట క్రింద బలిజేపల్లి వారి పేరు ప్రక్కనే, అదే పరిమాణపు అక్షరములలో, గుర్రం జాషువ పేరు కూడ వేయింపుడు.